థార్ ఎడారి: ‘ఏమీ లేని’ చోట బట్టమేక పిట్టను వెతుక్కుంటూ..

జోధ్‌పూర్ దాటి గంటన్నర అయ్యేసరికి రోడ్డుకు రెండు పక్కలా ఊళ్లు పలచబడ్డాయి. ‘‘ఇక జైసల్మేర్ దాకా దారిలో ఏమీ ఉండదు, కాసేపు పడుకోండి’’ అన్నాడు మా డ్రైవర్. ఆ మాట పూర్తికాకముందే బ్రేకు వేశాడు. రెండు చింకారాలు రోడ్డు దాటి, అవతలి గట్టు మీద నిలబడి మావైపు చూశాయి. ఇసుక రంగు ఒళ్లు, సన్నని కాళ్లు. కదలకపోతే పక్కనున్న పొదకూ వాటికీ తేడా తెలియదు.

‘‘ఇవి ఉన్నాయిగా’’ అన్నాను. ‘‘ఇవి ఎప్పుడూ ఉంటాయి’’ అని బండి ముందుకు పోనిచ్చాడు.

థార్‌లో తిరిగిన వారం రోజుల్లో ‘ఏమీ లేదు’ అన్న మాట చాలామంది నోట విన్నాను. హోటల్ వాళ్లు అన్నారు, పర్యటకులు అన్నారు. రెవెన్యూ రికార్డులు కూడా ఇంచుమించు అదే అంటాయి. నేను వెళ్లింది మాత్రం ఒక పక్షి కోసం. ఇంగ్లిష్‌లో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, మార్వాడీలో గోడావణ్, తెలుగులో బట్టమేక పిట్ట. ఒకప్పుడు పంజాబ్ నుంచి తమిళనాడు దాకా గడ్డి మైదానాల్లో తిరిగిన ఈ పక్షులు ఇప్పుడు స్వేచ్ఛగా బతుకుతున్నవి 150 లోపే. వాటిలో అత్యధిక భాగం జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. 1969లో వేసిన అంచనా ప్రకారం దేశంలో వీటి సంఖ్య 1,260.

ఇసుక కన్నా గడ్డే ఎక్కువ

థార్ అనగానే మనకు సినిమాల్లో చూసిన ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి. జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ దగ్గర అలాంటివే ఉంటాయి. సాయంత్రమైతే ఒంటెలు, జీపులు, డీజే పాటలు, టెంట్ల ముందు రంగురంగుల దీపాలు. పర్యటకుల్లో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు.

కానీ దాని చుట్టూ ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కులో ఇసుక తిన్నెలు ఐదో వంతే. మిగిలినదంతా రాతి నేల, గులకరాళ్లు, ఉప్పు నేలలు, అన్నిటికన్నా ముఖ్యంగా గడ్డి. సేవణ్ అనే ఈ గడ్డి కుదుళ్లు కుదుళ్లుగా మొలిచి, ఏళ్ల తరబడి బతుకుతుంది. నాలుగు చినుకులు పడితే పచ్చబడుతుంది, ఎండాకాలంలో ఎండుగడ్డిగా నిలబడుతుంది. పశువులకూ అదే ఆధారం, పక్షులకూ అదే.

3,162 చదరపు కిలోమీటర్ల ఈ పార్కును 1980లో ప్రకటించారు. పేరులో నేషనల్ పార్క్ ఉన్నా, చట్టప్రకారం ఇది అభయారణ్యమే. లోపల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, మేకల మందలున్నాయి. థార్ ప్రపంచంలోనే అత్యంత జనసాంద్రత ఉన్న ఎడారుల్లో ఒకటన్నది ఇక్కడికి వచ్చేదాకా నాకు అంకెగానే తెలుసు.

జైసల్మేర్‌లో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లకు అటూఇటూ. మనం కరవు జిల్లా అని చెప్పుకునే అనంతపురంలో అంతకు రెండింతలకు పైగానే పడుతుంది. అంత తక్కువ నీటితో బతకాలంటే ప్రతి ప్రాణికీ ఒక ఉపాయం ఉండాలి. చింకారా రోజుల తరబడి నీళ్లు తాగకుండా ఉండగలదు. ఆకుల్లోని తేమ, తెల్లవారుజాము మంచు దానికి సరిపోతాయి. ఎడారి ఎలుకలు ఎండాకాలంలో బొరియల్లో తలదాచుకుని, చలికాలంలో పట్టపగలే బయట తిరుగుతాయి. వాటి కోసం ఎడారి నక్కలు, వాటితో పాటు గద్దలు కాచుకుని ఉంటాయి.

సాండా అనే ముళ్లతోక బల్లిని చూడాలని నాకు కోరికగా ఉండేది. మన దేశంలోని బల్లి జాతుల్లో ప్రధానంగా ఆకులూ గడ్డీ తిని బతికేది ఇదొక్కటే. చలికాలానికి కావాల్సిన కొవ్వును తోకలో దాచుకుని, బొరియలోకి దూరి, ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. ఆ కొవ్వు కోసమే దాన్ని చంపుతారు. సాండా తేల్ పేరుతో కీళ్లనొప్పులకు, ‘మగతనానికి’ మందంటూ అమ్మే నూనె అదే. నేను వెళ్లింది నవంబరు చివర్లో కాబట్టి మూసిన బొరియలే కనిపించాయి. గైడ్ ఒక్కొక్కటీ చూపిస్తూ ‘‘ఇంట్లోనే ఉన్నారు, పడుకున్నారు’’ అన్నాడు.

ఖీచన్ కుర్జాలు

జైసల్మేర్ వెళ్లే ముందు ఫలోదీ దగ్గర ఆగాం. ఎన్నికల బెట్టింగుల వార్తల్లో మనకు తరచూ వినిపించే ‘సట్టా బజార్’ ఫలోదీ ఇదే. దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత కూడా ఇక్కడిదే. 2016 మే 19న 51 డిగ్రీలు.

ఈ ఊరి పక్కనే ఖీచన్. ఉదయం ఏడు గంటలకు ఊరి మిద్దెల మీద నిలబడితే, ముందు శబ్దం వినిపిస్తుంది. కుర్.. కుర్.. అంటూ దూరం నుంచి మొదలై, ఆకాశం నిండిపోయేదాకా పెరుగుతుంది. ఆ అరుపు వల్లే వీటిని ఇక్కడ కుర్జా అంటారు. డెమోయిసెల్ కొంగలు. మంగోలియా, కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో వేసవి గడిపి, హిమాలయాలు దాటి ఇక్కడికొస్తాయి. ఆగస్టు చివర్లో మొదటి గుంపులు దిగుతాయి, మార్చిలో తిరుగుప్రయాణం.

ఊరివాళ్లు కంచె వేసిన ఒక స్థలంలో వీటికి రోజూ గింజలు చల్లుతారు. దాని పేరు చుగ్గా ఘర్, అంటే దాణా ఇల్లు. చందాల్లో జైన కుటుంబాలది పెద్ద వాటా. కొన్ని పదుల పక్షులతో మొదలైన అలవాటు ఇప్పుడు వేల పక్షులకు చేరింది. ఒక గుంపు దిగి, తిని, లేచాకే రెండో గుంపు దిగుతుంది. మన రేషన్ షాపుల ముందు కూడా ఇంత క్రమశిక్షణ చూడలేదు. 2025 జూన్‌లో ఖీచన్‌ను అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఎడారిలో చిత్తడి నేలేమిటని అనుకోవచ్చు. ఊరి చెరువులు రెండు అందులో ఉన్నాయి. కుర్జాలు నీళ్లు తాగేది, సేదతీరేది అక్కడే.

మన జమ్మే వాళ్ల ఖేజ్డీ

దారిపొడవునా కనిపించిన చెట్టు ఒకటే. చేల మధ్యలో, కొమ్మలు నరికిన మోళ్లలా, అయినా పచ్చగా. ఖేజ్డీ. దగ్గరికెళ్లి ఆకు చూస్తే మన జమ్మి. దసరా రోజు బంగారమని చేతిలో పెట్టుకునే ఆకు. ఇది రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, తెలంగాణదీ ఇదే. దసరా నాడు చూడాలని మనవాళ్లు వెతుక్కునే పాలపిట్ట కూడా ఇక్కడ కరెంటు తీగల మీద దర్జాగా కూర్చుని కనిపించింది.

మనకు ఏడాదికి ఒక్కరోజు గుర్తొచ్చే ఈ చెట్టు ఎడారి మనిషికి రోజూ పనికొస్తుంది. ఆకు మేకలకు, కొమ్మ పొయ్యిలోకి, కాయ కూరలోకి. జైసల్మేర్ హోటళ్లలో ఖరీదైన వంటకంగా వడ్డించే కేర్-సాంగ్రీలో సాంగ్రీ అంటే జమ్మికాయే. ఈ చెట్టు కోసం ప్రాణాలు పోయిన చరిత్ర కూడా ఉంది. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజడ్లీ గ్రామంలో చెట్లు నరకడానికి వచ్చినప్పుడు అమృతాదేవి సహా 363 మంది బిష్ణోయిలు చెట్లను కౌగిలించుకుని చనిపోయారని చెబుతారు. చింకారాలు రోడ్డు పక్కన అంత ధీమాగా నిలబడగలిగాయంటే అందులో బిష్ణోయి ఊళ్ల పాత్ర చాలా ఉంది.

పదకొండు నిమిషాలు

జైసల్మేర్ నుంచి సుదాసరి వెళ్లడానికి చీకటి ఉండగానే బయలుదేరాం. అక్కడ అటవీశాఖ గడ్డి మైదానాన్ని కంచెలతో చుట్టి, పశువులు, కుక్కలు రాకుండా కాపాడుతోంది. బట్టమేక పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. నెలకు కాస్త తక్కువ కాలం పొదగాలి. ఈలోపు కుక్క, నక్క, ఉడుము, కాకి ఏది చూసినా ఆ ఏడాది సంతానం పోయినట్లే. గూడంటూ ఉండదు. గడ్డి మధ్య ఒక గుంట అంతే.

రెండు గంటలు ఏమీ కనిపించలేదు. ఒక ఎడారి నక్క బొరియ ముందు ఎండ కాచుకుంది. రాబందులు కొన్ని పైకి లేచి గుండ్రంగా తిరిగాయి. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. గైడ్ బైనాక్యులర్ నా చేతిలో పెట్టి, ‘‘ఆ తెల్ల కర్ర చూడండి’’ అన్నాడు. అది కర్ర కాదు, మెడ.

బట్టమేక పిట్ట దూరానికి పెద్దగా అనిపించదు. దగ్గర్లో కొలతకు ఏమీ ఉండదు కాబట్టి. పక్కనుంచి ఒక చింకారా నడిచి వెళ్లినప్పుడు తెలిసింది దాని ఎత్తు. నిలబడితే మీటరు. బాగా ఎదిగిన మగ పక్షి దాదాపు 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ప్రపంచంలోనే అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. నల్లటి టోపీ, తెల్లటి మెడ, మట్టి రంగు వీపు. తొందర ఏమాత్రం లేకుండా, నాలుగడుగులు వేసి ఆగి, తల వంచి గడ్డిలో ఏదో ఏరుకుని, మళ్లీ నాలుగడుగులు. మిడతలు, పురుగులు, రేగుపళ్లు, గింజలు, చిన్న బల్లులు, ఏది దొరికితే అది తింటుంది. వానాకాలంలో అయితే మగ పక్షి మెడ కింది సంచిని బెలూన్‌లా ఉబ్బించి, దూరానికి వినిపించే గంభీరమైన కూత పెడుతుంది. నాకా అదృష్టం లేదు. పదకొండు నిమిషాలు నడిచి, ఒక పొద వెనక్కు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

సలీం అలీ ఈ పక్షినే జాతీయ పక్షిగా చేయాలని కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఆ గౌరవం దక్కి ఉంటే దీని గతి మారేదా అన్నది ఊహకే వదిలేద్దాం.

తీగ ఎందుకు కనిపించదు?

మైదానానికి అవతల, ఉదయపు మంచు విడిపోయాక, గాలిమరలు కనిపించాయి. వాటి మధ్య కరెంటు టవర్లు. నా కళ్లకు టవర్లు కనిపించాయి కానీ, అంత దూరం నుంచి తీగలు కనిపించలేదు.

పక్షి సమస్య కూడా సరిగ్గా అదే, మరికొంత తీవ్రంగా. బట్టమేక పిట్టకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఉన్న శత్రువును పసిగట్టడానికి ఆ ఏర్పాటు బాగుంటుంది. ఎదురుగా చూపు మాత్రం ఇరుకు. ఎగిరేటప్పుడు తల కిందికి వంచి నేలను గమనిస్తే, ఎదుటి దారి అసలే కనిపించదు. తీగ కనబడేసరికి అది కొన్ని మీటర్ల దూరంలో ఉంటుంది. పిచ్చుక అయితే పక్కకు తప్పుకుంటుంది. అంత బరువైన పక్షి గాల్లో అప్పటికప్పుడు మలుపు తిరగలేదు. తీగకు కొట్టుకుని పడిపోతుంది, లేదా కరెంటుకు చనిపోతుంది.

జైసల్మేర్‌లోని 4,200 చదరపు కిలోమీటర్ల పరిధిలో అన్ని జాతులూ కలిపి ఏటా 80 వేలకు పైగా పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. మిగతా జాతులు ఆ నష్టాన్ని కొంత తట్టుకుంటాయేమో. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి తట్టుకోలేదు.

ఇక్కడ చిక్కేమిటంటే, ఆ తీగల్లో పారుతున్నది మనందరం మెచ్చుకునే కరెంటు. ఏడాదంతా ఎండ, ధారాళంగా గాలి, చౌకగా భూమి. సౌర, పవన విద్యుత్‌కు ఇంతకన్నా అనువైన చోటు దేశంలో తక్కువ. ఫలోదీ దగ్గరి భడ్లా సోలార్ పార్కు ఒక్కటే 2,245 మెగావాట్లు. 2030 నాటికి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం సాధించాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. అందులో పెద్ద భాగం ఈ ఎడారి నుంచే రావాలి. బొగ్గు వద్దంటే సోలార్ కావాలి. సోలార్ కావాలంటే తీగలు కావాలి.

కోర్టులో ఏం జరిగింది?

మాజీ ఐఏఎస్ అధికారి, వన్యప్రాణి సంరక్షకుడు ఎం.కె. రంజిత్‌సింహ్ తదితరులు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఏప్రిల్ 19న కోర్టు, సుమారు 99 వేల చదరపు కిలోమీటర్ల పరిధిలో కొత్త ఓవర్‌హెడ్ లైన్లపై ఆంక్షలు పెట్టి, వీలైన చోటల్లా తీగలను భూమిలోకి మార్చమంది. మార్చేలోపు పక్షులకు తీగ కనిపించేలా డైవర్టర్లు, అంటే గాలికి కదిలే మెరుపు పలకలు తగిలించమంది.

కేంద్రం అది సాధ్యం కాదంది. తక్కువ వోల్టేజీ లైన్లను పాతిపెట్టొచ్చు కానీ, వందల కిలోమీటర్లు వెళ్లే భారీ లైన్లను పాతడం సాంకేతికంగా కష్టమని, ఖర్చు ఎన్నో రెట్లని వాదించింది. 2024 మార్చి 21న కోర్టు పాత ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీ వేసింది. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని గుర్తించింది కూడా ఈ తీర్పులోనే. ఒక పక్షి కోసం వేసిన కేసులో మనుషులకు కొత్త హక్కు వచ్చింది, పక్షికి ఉన్న రక్షణ తగ్గింది. న్యాయ విద్యార్థులు ఈ తీర్పును ఇంకా చాలాకాలం చదువుతారు.

నేను తిరిగొచ్చిన కొన్ని వారాలకు, 2025 డిసెంబరులో, కోర్టు కమిటీ సిఫార్సులను ఆమోదించింది. ప్రాధాన్య ప్రాంతాన్ని రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లుగా సవరించింది. అందులో కొత్త గాలిమరలు, 2 మెగావాట్లకు మించిన కొత్త సోలార్ ప్లాంట్లు ఉండకూడదు. పెద్ద లైన్లు నిర్ణయించిన కారిడార్ల గుండానే వెళ్లాలి. 99 వేల నుంచి 14 వేలకు దిగడాన్ని రాజీ అనవచ్చు, మునుపటి ఉత్తర్వు అమలుకు నోచుకోనందున ఇదే నయం అని కూడా అనవచ్చు. నాకు మాత్రం ఒక సందేహం ఉంది. పటం మీద గీసిన గీత పక్షికి తెలియదు. ఈ పక్షులు చాలా దూరం తిరుగుతాయి, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లోని చోలిస్తాన్‌లోనూ కనిపిస్తాయి, అక్కడ వేటకూ గురవుతున్నాయి.

పోరంబోకు అంటే..

జైసల్మేర్ చుట్టుపక్కల కొన్ని చోట్ల గడ్డి బాగా ఎత్తుగా, చెట్లు గుబురుగా కనిపిస్తాయి. అవి ఓరణ్‌లు. దేవత పేరున వదిలేసిన భూములు. అక్కడ గొడ్డలి ఎత్తరు, దున్నరు. పశువులు మేయొచ్చు, ఎండిన కట్టె ఏరుకోవచ్చు. దేగ్‌రాయ్ మాత ఓరణ్ వీటిలో పేరున్నది. బట్టమేక పిట్టలూ, చింకారాలూ అక్కడ తిరుగుతాయి.

రికార్డుల్లో మాత్రం ఇలాంటి భూములు చాలావరకు ‘బంజరు’. బంజరు కాబట్టి ప్రభుత్వం ప్రాజెక్టులకు కేటాయించొచ్చు. తెలుగువాళ్లకు ఇదేం కొత్త కాదు. ఊరందరి మేతకూ వదిలిన నేలను మనం పోరంబోకు అన్నాం, తర్వాత ఆ మాటనే తిట్టుగా వాడుకున్నాం. ఓరణ్‌లను కాపాడమని జైసల్మేర్ గ్రామస్థులు పాదయాత్రలు చేశారు. 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు వాటిని సర్వే చేసి, అడవులుగా గుర్తించాలని రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. సర్వే పూర్తయ్యేలోపు ఎంత మిగులుతుందన్నదే గ్రామస్థుల బెంగ.

కరెంటు ఒక్కటే దోషి అని రాస్తే అన్యాయమవుతుంది. పంజాబ్‌లోని హరికే బ్యారేజీ నుంచి ఇందిరాగాంధీ కాలువ నీళ్లు వచ్చాక ఎడారిలో గోధుమ, ఆవాలు పండుతున్నాయి. తరతరాలుగా నీళ్ల కోసం మైళ్లు నడిచిన వాళ్ల ఇంటి ముందుకు నీళ్లొచ్చాయి. దాన్ని తప్పుపట్టే హక్కు నగరం నుంచి వెళ్లిన నాకు లేదు. అయితే సేవణ్ గడ్డి పోయింది ఆ పొలాల కిందే. పురుగుమందులు మిడతలతో పాటు, మిడతలు తినే పక్షికీ చేటే.

ఇంక్యుబేటర్‌లో ఆశ

సమ్‌లో 2019 నుంచి, ఆ తర్వాత పోఖ్రాన్ దగ్గరి రామ్‌దేవ్రాలో, సంరక్షణ పునరుత్పత్తి కేంద్రాలు నడుస్తున్నాయి. మైదానంలోంచి గుడ్లు సేకరించి పొదిగించారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా తొలి పిల్ల పుట్టింది. రామ్‌దేవ్రాలోని ‘సుదా’ అనే మగ పక్షి వీర్యాన్ని సుమారు 200 కిలోమీటర్లు తీసుకెళ్లి సమ్‌లోని ‘టోనీ’ అనే ఆడ పక్షిలో ప్రవేశపెట్టారు. రెండు కేంద్రాల్లో కలిపి పక్షుల సంఖ్య 60 దాటింది.

ఈ పరిజ్ఞానం అబుధాబిలోని హౌబారా సంరక్షణ నిధి నుంచి వచ్చింది. డేగలతో హౌబారాలను వేటాడటం గల్ఫ్ షేక్‌ల సంప్రదాయం. వేటతో తరిగిపోయిన ఆ జాతిని తిరిగి పెంచడానికి వాళ్లు నేర్చుకున్న విద్య, దాని పెద్దన్నలాంటి మన పక్షికి పనికొచ్చింది.

అయితే మనుషుల చేతుల్లో పెరిగిన పక్షికి నక్క అంటే భయం ఉండదు. దాన్ని ఒక్కసారిగా బయటికి వదల్లేరు. వదిలేనాటికి బయట మైదానం, తీగల్లేని ఆకాశం మిగిలి ఉండాలి.

అలా మిగలని చోటు ఎలా ఉంటుందో చూడాలంటే జైసల్మేర్ దాకా రానక్కర్లేదు. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు ఉంది. ఈ పక్షి కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. చుట్టూ కాలువలొచ్చాయి, పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి. కృష్ణజింకలు అక్కడ ఇప్పటికీ పొలాల్లో పడి మేస్తుంటే రైతులు తల పట్టుకుంటున్నారు. బట్టమేక పిట్ట మాత్రం ఊళ్లో పెద్దల మాటల్లోనే మిగిలింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. అటవీశాఖ అనుమతితో, బాటల మీదే, తెల్లవారుజామున వెళ్లండి. డ్రోన్ తీసుకెళ్లొద్దు. పక్షి మాట అటుంచితే, అది సరిహద్దు ప్రాంతం.

తిరుగు ప్రయాణంలో పోఖ్రాన్ దగ్గర టీకి ఆగినప్పుడు, గోడావణ్ ఫొటో చూపించమన్నాడు మా డ్రైవర్. ఫోన్‌ను బైనాక్యులర్‌కు ఆనించి తీసిన ఫొటో. గడ్డి మధ్య ఒక మరక. చిన్నప్పుడు వాళ్ల నాన్న చేనులోకి నాలుగైదు కలిసి వచ్చేవట, శనక్కాయల కోసం. చూసి ఇరవై ఏళ్లు దాటిందన్నాడు. వేళ్లతో ఆ మరకను పెద్దది చేసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు.

‘‘ఇదే. మెడ చూడండి’’ అన్నాడు. తర్వాత ఆ ఫొటోను తన నంబరుకు పంపమని అడిగాడు.